వెనక్కి తీసుకొచ్చే మీట

అచ్చు పుస్తకంలో వివరణలన్నీ చివరి పేజీల్లో ఉంటే, చదువుతున్న పేజీ మధ్య వేలు పెట్టి ఉంచి, వెనక పేజీలు తిప్పి, కావలసిన వివరణ చూసుకుని, వేలు ఉన్న చోటికే తిరిగి వస్తాం. ఇది ఎవరూ ప్రత్యేకంగా నేర్పరు, చదివే అలవాటుతో పాటే వస్తుంది. కంప్యూటర్లో పెద్ద పెద్ద పీడీఎఫ్‌లు చదవడం మొదలుపెట్టిన రోజుల్లో నాకు అన్నిటికంటే లోటుగా అనిపించింది ఆ వేలే.

అప్పట్లో నేను అన్ని పనులూ మౌస్‌తోనే చేసేవాణ్ణి. ఎనిమిది వందల పేజీల ఫైలు తెరిస్తే స్క్రోల్ బార్‌లోని పట్టీ గోరంత అయిపోతుంది. ఆ బార్ ఎత్తు సుమారు 800 పిక్సెళ్లు అనుకుంటే ఒక్కో పిక్సెల్‌కు ఒక్కో పేజీ వస్తుంది కాబట్టి, చెయ్యి కాస్త కదిలితే చాలు, అయిదారు పేజీలు దాటిపోతాయి. వివరణ కోసం చివరికి వెళ్లడం సులువే గాని, తిరిగి రావడమే పెద్ద పని. వెళ్లేముందు పేజీ సంఖ్య కాగితం మీద రాసుకునేవాణ్ణి, ఒక్కోసారి రాసుకోవడం మరిచిపోయి పది నిమిషాలు వెతుక్కునేవాణ్ణి. చోటు దొరికేసరికి రచయిత వాదన ఎక్కడ ఆగిందో మనసులోంచి జారిపోయేది, ఆ పేరా మళ్లీ మొదటినుంచి చదవవలసి వచ్చేది.

ఆ ఇబ్బందిని తీర్చింది ఒక్క షార్ట్‌కట్: ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణం నొక్కడం. పీడీఎఫ్‌లు చదివే ప్రోగ్రాములను రీడర్లు అంటారు; వాటిలో సుమత్రా పీడీఎఫ్‌లోనూ అక్రోబాట్ రీడర్లోనూ ఇదే మీట. ఓక్యులర్ అనే రీడర్లో దీనికి షిఫ్ట్ కూడా కలపాలి. జథూరా అనే రీడర్ వాడేవారికి కంట్రోల్, ఓ కలిపి నొక్కితే అదే పని జరుగుతుంది. ఉదాహరణకు ఒక వాక్యం చివర 47 అన్న చిన్న అంకె కనిపించిందనుకుందాం. ఆ అంకెకు లంకె ఉంటే దానిమీద నొక్కగానే చివరి పేజీల్లోని 47వ వివరణ దగ్గరికి వెళతాం. అది చదివి ఆల్ట్, ఎడమ బాణం నొక్కితే ఇందాకటి వాక్యమే మళ్లీ కళ్లముందు ఉంటుంది. మొత్తం ప్రయాణానికి పట్టేది ఆ వివరణ చదవడానికి పట్టే సమయమే. వివరణలోంచి ఇంకో పేజీకి, అక్కడినుంచి పదసూచికకు వెళ్లినా ఇబ్బంది లేదు, నొక్కినకొద్దీ ఒక్కో అడుగే వెనక్కి వస్తాం.

అయితే ఒక షరతు ఉంది. నేను ఎక్కువగా వాడే సుమత్రా పీడీఎఫ్ మనం గెంతిన గెంతులను గుర్తుంచుకుంటుంది గాని, మౌస్ చక్రం తిప్పుకుంటూ జారిన దారిని గుర్తుంచుకోదు. అందుకే దూరం వెళ్లవలసినప్పుడు లంకె ద్వారానో, పేజీ సంఖ్య ఇచ్చో వెళ్లడం అలవాటు చేసుకోవాలి. పేజీ సంఖ్య ఇవ్వడానికి సుమత్రాలోనూ ఓక్యులర్లోనూ కంట్రోల్, జి నొక్కాలి. అక్రోబాట్‌లో అదే జోడీ వెతుకుతున్న మాట తర్వాత ఎక్కడుందో చూపిస్తుంది, పేజీకి వెళ్లాలంటే కంట్రోల్, షిఫ్ట్, ఎన్ నొక్కాలి. ఎవిన్స్ అనే రీడర్లో ఆ పని చేసేది కంట్రోల్, ఎల్. ఒక రీడర్ నుంచి మరో రీడర్‌కు మారినవారు మొదటి వారంలో తడబడేది సరిగ్గా ఇక్కడే కాబట్టి, మీరు వాడే రీడర్లో మిగతావి నేర్చుకున్నా నేర్చుకోకపోయినా వెనక్కి తెచ్చేదీ, పేజీకి తీసుకెళ్లేదీ, ఈ రెండు మీటలు మాత్రం ముందుగా చూసి పెట్టుకోండి.

పేజీ సంఖ్యల విషయంలో ఇంకో చిక్కు ఉంది. ముందుమాటలకూ విషయసూచికకూ 24 పేజీలు పోయి, అసలు పుస్తకం ఒకటో పేజీ అని ఫైల్లోని 25వ పుటలో మొదలైందనుకుందాం. పదసూచికలో 318 అని ఉంటే మనం 342 అని టైప్ చేయాలి. పుటలకు అచ్చు సంఖ్యలనే పేర్లుగా ఇచ్చే సదుపాయం పీడీఎఫ్‌లో ఉంది, తయారుచేసినవారు ఆ శ్రమ తీసుకుంటే ఈ కూడిక అవసరం లేదు. స్కాన్ చేసిన పుస్తకాల్లో చాలావాటికి ఆ శ్రమ ఎవరూ తీసుకోరు. అందుకే కొత్త ఫైలు తెరవగానే ఆ తేడా ఎంతో చూసి ఫైలు పేరు చివర చేర్చి పెట్టుకుంటాను.

వెతకడానికి కంట్రోల్, ఎఫ్ అందరికీ తెలిసిందే. చాలా రీడర్లలో దొరికిన చోటునుంచి తర్వాతి చోటికి ఎఫ్3, వెనకటి చోటికి షిఫ్ట్‌తో కలిపి ఎఫ్3. కాని అన్ని భాషల అక్షరాలకూ వేర్వేరు సంకేతాలిచ్చే యూనికోడ్ రాకముందు వాడిన ఫాంట్లతో తయారైన తెలుగు పీడీఎఫ్‌లలో ఈ మీటలు అక్కరకు రావు. తెరమీద తెలుగు అక్షరాలు చక్కగా కనిపిస్తున్నా లోపల ఉన్నవి లాటిన్ సంకేతాలు కావడంతో, మనం టైప్ చేసిన తెలుగు మాట వాటితో సరిపోలదు. అలాంటి పుస్తకంలో పదసూచిక, పేజీ సంఖ్య, వెనక్కి తెచ్చే మీట ఈ మూడే దిక్కు.

జె నొక్కితే కిందికి, కె నొక్కితే పైకి జరిగే పద్ధతి సుమత్రా, ఓక్యులర్, జథూరా మూడింటిలోనూ ఉంది. 1976లో బిల్ జాయ్ రాసిన వీఐ అనే టెక్స్ట్ ఎడిటర్ నుంచి వచ్చిన ఆచారమిది. ఆయన వాడిన ఏడీఎం-3ఏ టెర్మినల్ (కంప్యూటర్‌కు తగిలించే తెర, కీబోర్డు)లో హెచ్, జె, కె, ఎల్ మీటల మీదే బాణం గుర్తులు ఉండేవి. చెయ్యి కదపకుండా చదువుకోవచ్చు కాబట్టి ఈ పద్ధతి నాకు చాలా ఇష్టం. తెలుగులో టైప్ చేసేవారు మాత్రం ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఇన్‌స్క్రిప్ట్ అనే తెలుగు కీబోర్డు లేఅవుట్ ఆన్‌లో ఉంటే జె మీట ర అవుతుంది, కె మీట క అవుతుంది, పేజీ కదలకుండా ఉండిపోవచ్చు. రీడర్ పాడైందని కంగారు పడనక్కర్లేదు, కీబోర్డును ఇంగ్లీషుకు మారిస్తే చాలు.

పుట వెడల్పు తెరకు సరిపోవడానికి సుమత్రాలోనూ అక్రోబాట్‌లోనూ కంట్రోల్, 2; పుట మొత్తం కనిపించడానికి కంట్రోల్, 0. ఈ రెండింటితో నా అవసరాలు తీరిపోతున్నాయి.

చదవడం ఆపి ఫైలు మూసేముందు నేను తప్పనిసరిగా చేసే పని ఒకటుంది. ఫైలు మళ్లీ తెరిచినప్పుడు చాలా రీడర్లు చివరగా చూసిన పుటనే చూపిస్తాయి. ఆ చివరి పుట పదసూచికలోదో వివరణలలోదో అయితే మర్నాడు మళ్లీ వెతుకులాటే. అందుకని ఎక్కడున్నా సరే, ఆల్ట్ పట్టుకుని ఎడమ బాణాన్ని నొక్కుతూ చదువుతున్న వాక్యం దాకా వెనక్కి వచ్చి, కంట్రోల్, బి నొక్కి ఆ పుటకు గుర్తు పెట్టి, అప్పుడు మూస్తాను.