బిల్డ్ పచ్చగానే ఉంది, 41 టెస్టులు మాత్రం లేవు

మారతహళ్లి పీజీలో ఆ వారమంతా నాకు చల్లారిన పప్పన్నమే. కారణం జేయూనిట్, అంటే జావా కోడ్ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే టెస్టుల్ని రాసి నడిపే లైబ్రరీ.

మా ప్రాజెక్టులో మూడు తరాల టెస్టులున్నాయి. బాగా పాతవి జేయూనిట్ 3 నాటివి. క్లాసు టెస్ట్‌కేస్‌ని ఎక్స్‌టెండ్ చెయ్యాలి, మెథడ్ పేరు "టెస్ట్" అని మొదలవ్వాలి. 2006లో జేయూనిట్ 4 వచ్చాక పేరు ఏదైనా పర్లేదు, మెథడ్ మీద @టెస్ట్ అనే గుర్తు పెడితే చాలు. 2017లో వచ్చిన 5లోనూ పెట్టేది @టెస్టే, కాకపోతే ప్యాకేజీ వేరు. ఒకే పేరు, ఒకే ఇంటిపేరు, ఊరు మాత్రం వేరు. నేను బోల్తా పడింది అక్కడే.

అన్నీ 5కి మార్చమన్నారు. రెండ్రోజుల్లో మార్చేశా, బిల్డ్ సక్సెస్. "అయిపోయిందన్నా" అన్నాను మా లీడ్‌తో. నెల్లూరాయన, తల కూడా ఎత్తలేదు. "ఫెయిల్ కాలేదు సరేబ్బా, ఎన్ని రన్ అయినాయి?"

ముందు 412. ఇప్పుడు 371.

కొన్ని ఫైళ్లలో పాత ఇంపోర్టే, అంటే @టెస్ట్‌ని ఏ ప్యాకేజీ నుంచి తెచ్చుకోవాలో చెప్పే లైనే, మిగిలిపోయింది. వేరే లైబ్రరీ తోకపట్టుకుని జేయూనిట్ 4 జార్ ఫైలు కూడా ప్రాజెక్టులోకి వచ్చేసింది కాబట్టి కంపైలర్ నోరెత్తలేదు. పాతవాటిని నడిపే వింటేజ్ ఇంజన్‌ని ఇక అక్కర్లేదని నేనే పీకేశాను. మిగిలింది 5 టెస్టుల్ని నడిపే జూపిటర్ ఇంజన్, అది తన @టెస్ట్‌ని తప్ప ఇంకోదాన్ని గుర్తుపట్టదు. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. ఎర్రగా ఫెయిలైనా బాగుండేది, కనీసం తెలిసేది!

ఇంపోర్టులు సరిచేస్తే 409 అయ్యాయి. ఇంకా తగ్గిన మూడింటి కోసం ఒక రాత్రి పోయింది. 4లో మెథడ్ పబ్లిక్ (బయటి కోడ్‌కి కనిపించేది) అయి తీరాలి, 5లో అక్కర్లేదు. అక్కర్లేదన్నారు కదా అని అత్యుత్సాహంతో నేను మూడు చోట్ల ప్రైవేట్ (ఆ క్లాసు బయట కనిపించనిది) అని పెట్టాను. మేం వాడే వెర్షన్ వాటిని చప్పుడు చెయ్యకుండా వదిలేసింది. ఆ పదం తీసేశాక 412.

ఆ మూడూ వెతుకుతూ ఫైళ్లు వరసగా చదువుతుంటే, జేయూనిట్ 3 నాటి క్లాసులో "టెట్స్" అని మొదలయ్యే మెథడ్ ఒకటి తగిలింది. ఎవరి వేలు జారిందో, పుట్టిన దగ్గర్నుంచీ అది ఒక్కసారీ రన్ అయినట్టు లేదు. @టెస్ట్ పెట్టి నడిపాను. 413, అందులో ఒకటి ఎరుపు. పైసల రౌండింగ్ తప్పు, నిజం బగ్గే.

లీడ్‌కి చూపించాను. పొద్దున వచ్చేసరికి ఆ బగ్ సరిచేసే టికెట్ నా పేరు మీదే ఉంది.