పిల్లకు సొంత కంప్యూటర్ ఎప్పుడు ఇవ్వాలి

మా అమ్మాయి ఏడో తరగతికి వచ్చింది. హాల్లో అందరం వాడుకునే కంప్యూటర్ కాకుండా తనకంటూ ఒకటి ఉంటే బాగుంటుందని కొంతకాలంగా అడుగుతూ వచ్చింది. పదో తరగతి పరీక్షలయ్యాక చూద్దామని మావారు అన్నారు. ఇప్పటి నుంచే తెర ముందు కూర్చుంటే కళ్లు పాడవుతాయని మా అత్తగారు బెంగపెట్టుకున్నారు. పక్క ఫ్లాటులో ఐదో తరగతి బాబుకే ల్యాప్‌టాప్ వచ్చింది కదా, ఇంకా ఆలస్యం దేనికని మా చెల్లెలు అడిగింది. ముగ్గురి మాటల్లోనూ కొంత నిజముంది గానీ వాటిలో ఏదీ మా పిల్లను చూసి చెప్పిన మాట కాదు. ఒకరు తరగతిని చూశారు, ఒకరు జబ్బును చూశారు, ఒకరు పక్కింటిని చూశారు. పిల్ల సిద్ధంగా ఉందో లేదో పిల్లను గమనిస్తేనే తెలుస్తుంది. ఏమేమి గమనించాలన్న విషయంలో నాకు ఏర్పడిన అభిప్రాయాలను, ఇదే ప్రశ్నతో సతమతమవుతున్న తల్లిదండ్రుల కోసం ఇక్కడ రాస్తున్నాను.

2020లో బడులు మూతపడినప్పుడు ఈ ప్రశ్న వేసుకునే తీరిక ఎవరికీ లేకపోయింది. తెలంగాణలో ఆ ఏడు సెప్టెంబరు 1 నుంచి ప్రభుత్వ బడుల పాఠాలు దూరదర్శన్ యాదగిరిలోనూ టీశాట్‌లోనూ మొదలయ్యాయి, ప్రైవేటు బడుల పాఠాలు ఫోన్లలోకి వచ్చాయి, ఇంట్లో ఏ పరికరం ఉంటే అది పిల్లల చేతికి చేరింది. అప్పుడు అవసరమే నిర్ణయం తీసుకుంది. ఆంధ్రప్రదేశ్‌లో 2022 డిసెంబరులో ప్రభుత్వ బడుల ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచినప్పుడు తరగతిని బట్టి నిర్ణయం జరిగింది. లక్షల మందికి ఒకేసారి ఇవ్వవలసిన ప్రభుత్వం ఎక్కడో ఒకచోట గీత గీయక తప్పదు, ఒక్కొక్క పిల్లను విడిగా చూసి ఇవ్వడం దానికి సాధ్యమయ్యే పని కాదు. ఇంట్లో ఒకరో ఇద్దరో పిల్లలున్న మనకు ఆ ఇబ్బంది లేదు కనుక, మనం కూడా తరగతి లెక్క పట్టుకుని కూర్చోవలసిన పని లేదు.

పిల్లలకు కంప్యూటర్ నడపడం వచ్చినంత మాత్రాన వారు దానికి సిద్ధపడినట్టు కాదు. 1999లో విద్యా పరిశోధకుడు సుగత మిత్రా ఢిల్లీలోని కాల్కాజీలో తమ కార్యాలయం గోడకు కన్నం చేసి, వీధి వైపుకు తెర ఉండేలా ఒక కంప్యూటర్ అమర్చారు. దానిని ఎన్నడూ చూసి ఎరుగని పక్క బస్తీ పిల్లలు ఎవరూ నేర్పకుండానే కొద్దికాలంలో దానిని వాడడం పట్టేశారు. పిల్లల తెలివికి నిదర్శనంగా ఈ ప్రయోగాన్ని చాలామంది చెబుతుంటారు. అయితే ఆ కంప్యూటర్ నడివీధిలో ఉందనీ, ఒక్క తెర చుట్టూ పదిమంది పిల్లలు మూగి ఒకరికొకరు చెప్పుకుంటూ నేర్చుకున్నారనీ, దారిన పోయే పెద్దలందరికీ ఆ తెర కనిపిస్తూనే ఉండేదనీ అంతగా తలచుకోరు. తలుపు వేసిన గదిలో ఒంటరిగా ఒక పిల్ల ముందున్న కంప్యూటర్ ఇందుకు పూర్తిగా భిన్నమైనది. "మా వాడికి అన్నీ వచ్చు, మాకే నేర్పుతున్నాడు" అని మురిసిపోయి కొనిచ్చే తల్లిదండ్రులు ఈ తేడాను తప్పక ఆలోచించాలి.

పోటీ పరీక్షల పేరు చెప్పి తొందరపెట్టే వాదన కూడా ఒకటుంది. జేఈఈ మెయిన్ కంప్యూటర్ మీదే రాయాలి, తెలంగాణ ఎంసెట్ (ఇప్పటి పేరు ఈఏపీసెట్) కూడా 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది, అది నిజమే. కానీ ఆ పరీక్షల్లో మౌస్‌తో సరైన జవాబును ఎంచుకోవడం, అంకె జవాబు అయితే తెర మీద కనిపించే అంకెల పలకను నొక్కడం తప్ప మరో నైపుణ్యం అక్కరలేదు. నాలుగు నమూనా పరీక్షలు రాస్తే అలవాటయ్యే పని కోసం ఆరో తరగతిలోనే కంప్యూటర్ కొనవలసిన అవసరం నాకు కనిపించదు.

మరి నేను దేనిని చూశానంటే, ఏదైనా తేడా జరిగినప్పుడు పిల్ల ఏం చేస్తుందన్నది చూశాను. వేసవి సెలవుల్లో ఒకనాడు సౌరకుటుంబం మీద ప్రాజెక్టుకు బొమ్మలు వెతుకుతూ ఏదో లింకు నొక్కింది. తెర మొత్తం ఎర్రబడింది, చెవులు గింగురుమనేలా మోత మొదలైంది, మీ కంప్యూటర్‌కు వైరస్ సోకింది, బ్యాంకు వివరాలు పోకముందే ఈ నంబరుకు ఫోన్ చేయండి అని ఇంగ్లీషులో ఒక గొంతు పదేపదే హెచ్చరించింది. పైన పేరున్న కంపెనీ గుర్తు కూడా ఉంది. మా అమ్మాయి దేనినీ నొక్కలేదు, మానిటర్ ఆపివేసి ఊరుకోనూ లేదు. నేరుగా వంటింట్లోకి వచ్చి, "అమ్మా, నేనేదో నొక్కాను, కంప్యూటర్ అరుస్తోంది, నువ్వొకసారి రా" అంది. స్టవ్ ఆపి వెళ్లాను. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ తెరుచుకుంటుందనీ, అందులో బ్రౌజర్‌ను ఎంచుకుని మూసేస్తే ఆ పేజీ పోతుందనీ చూపించాను. నిజమైన కంపెనీ ఏదీ తెర మీద ఫోన్ నంబరు వేసి మనల్ని పిలిపించుకోదని చెప్పాను. అంతటితో ఆ సంగతి ముగిసి, మేము తిరిగి శనిగ్రహం బొమ్మ వెతుక్కున్నాం.

సొంత కంప్యూటర్ విషయంలో నా మనసు మొగ్గింది ఆనాడే. తెలిసినవారి ఇంట్లో ఒక బాబు ఆటలో నాణేలు ఉచితమన్న ప్రకటన నమ్మి, తండ్రి ఫోన్‌లో వచ్చిన ఓటీపీని ఎవరికో చెప్పేశాడు. డబ్బు పోయింది. తిడతారన్న భయంతో బాబు ఆ మాట దాచాడు, బ్యాంకు ఖాతా చూసుకునేసరికి సమయం మించిపోయింది. సైబర్ మోసాలకు 1930 నంబరు ఉన్నది నిజమే గానీ, ఎంత త్వరగా ఫోన్ చేస్తే డబ్బును మధ్యలో ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ. ఆ బాబు మా అమ్మాయి కన్నా తెలివితక్కువ వాడేమీ కాదు, లెక్కల్లో చాలా చురుకైనవాడు. చెప్పడానికి జంకాడు, అంతే. అందుకే పిల్లలో దాచకుండా వచ్చి చెప్పే గుణాన్ని వెతకడమంటే, పొరపాటున ఏదైనా నొక్కిన పిల్లకు వచ్చి చెప్పుకునే చోటు మన ఇంట్లో ఉందా అని వెతకడమే అవుతుంది. ఫోన్ పగిలితే, మార్కులు తగ్గితే, పాలు ఒలికితే మనం ఎలా మాట్లాడుతున్నామో పిల్లలు చూస్తూనే ఉంటారు. రేపు ఇంటర్నెట్‌లో ఒక అపరిచితుడు పలకరించినప్పుడు మనతో చెప్పాలా వద్దా అన్నది ఆ అనుభవాన్ని బట్టే నిర్ణయించుకుంటారు. పది దాటిన పిల్లల తల్లిదండ్రులకు నేను ఒక్క మాటే చెప్పవలసివస్తే ఇదే చెబుతాను.

పిల్ల ఆ కంప్యూటర్‌తో ఏం చేస్తుందన్నది నేను రెండోదిగా చూశాను. చూడడానికైతే టీవీ ఉంది, ఫోన్ ఉంది. తయారుచేయడానికి ఏదైనా మనసులో ఉంటేనే కంప్యూటర్ అవసరమవుతుంది. అమెరికాలోని ఎంఐటీ మీడియా ల్యాబ్ 2007లో విడుదల చేసిన స్క్రాచ్ అనే ఉచిత ప్రోగ్రామింగ్ సాధనాన్ని ప్రధానంగా 8 నుంచి 16 ఏళ్ల పిల్లల కోసం రూపొందించారు. దానిలో మా అమ్మాయి సంక్రాంతికి ముగ్గు వేయబోయింది. ఒక రేకు గీసి, కొంచెం తిరిగి, మళ్లీ అదే రేకు గీయమని పన్నెండుసార్లు చెప్పింది. ఒక్కోసారి 25 డిగ్రీలు తిప్పినందువల్ల పువ్వుకు ఒక పక్క ఖాళీ మిగిలిపోయింది. అన్నానికి పిలిచినా వినిపించుకోకుండా కాగితం మీద లెక్క వేసుకుని, చుట్టు మొత్తం 360 కనుక పన్నెండు రేకులకు 30 చొప్పున తిరగాలని తానే పట్టుకుంది. ముగ్గు కలిసిన తరువాత రంగులు వేసి తాతయ్యకు పంపింది. అప్పటి నుంచి భారతీయ భాషల కోసం రూపొందించిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో తెలుగు టైపు చేయడం కూడా నేర్చుకుంటోంది. కె మీట నొక్కితే క వస్తుంది, డి మీట నొక్కితే పొల్లు వస్తుంది, అదే డిని షిఫ్ట్‌తో కలిపి నొక్కితే అ వస్తుంది. ఈ రెండు మీటలతోనే "అక్క" అని టైపు చేయగలిగిన రోజున ఇంటిల్లిపాదినీ పిలిచి చూపించింది. ఇంగ్లీషు అక్షరాల మీదుగా తెలుగు రాసే పద్ధతి కన్నా, తెలుగు బడిపిల్లలకు ఇదే ముందు నేర్పడం మంచిదని నా గట్టి నమ్మకం.

మా అత్తగారి బెంగను నేను తేలికగా తీసుకోలేదు. ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ రెండేళ్ల లోపు తెరే వద్దనీ, ఐదేళ్ల వరకు రోజుకు గంట దాటవద్దనీ, ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపే ఉండాలనీ చెబుతుంది. పదేళ్లు దాటినవారి విషయంలో నిద్ర, ఆరుబయట ఆట, చదువు, ఇంటివారితో గడిపే వేళ, వీటికి కోత పడకూడదన్నది ముఖ్యం. అందుచేత సాయంత్రం కింద ఆడుకుని వచ్చాకే కంప్యూటర్ అనీ, ఇరవై నిమిషాలకొకసారి లేచి బాల్కనీలోంచి దూరంగా చూడాలనీ అనుకున్నాం. రాత్రి తొమ్మిదికి ఆపవలసివచ్చినప్పుడు మా అమ్మాయి "సేవ్ చేసి వస్తాను" అంటుంది, వస్తుంది. వీడియోలు ఒకదాని వెంట ఒకటి వాటంతటవే నడుస్తున్నప్పుడు మాత్రం లేవలేకపోతోంది. అది పెద్దవాళ్లకూ కష్టమే కాబట్టి, ఆటోప్లే ఆపివేశాం.

తాళాల సంగతికి వస్తే, విండోస్‌లో పిల్లకు పరిమిత అధికారాలుండే స్టాండర్డ్ ఖాతా ఇచ్చి, అడ్మినిస్ట్రేటర్ పాస్‌వర్డు నా దగ్గర ఉంచుకున్నాను. కొత్త ప్రోగ్రాము ఏది పెట్టాలన్నా, అది దేనికో నాకు చెప్పాలి. కొన్నిసార్లు ఆ చెప్పడంలోనే తనకు అక్కరలేదని తేలిపోతుంది. సమయం పరిమితులు పెట్టే మైక్రోసాఫ్ట్ ఫ్యామిలీ సేఫ్టీ వంటివి కూడా ఉన్నాయి, వాడుతున్నాం. బావిలో ఈతకు దింపేటప్పుడు వీపుకు కట్టే మునగబెండ్ల వంటివి ఇవి, ఈత వచ్చేకొద్దీ ఒక్కొక్కటే విప్పాలన్న ఉద్దేశంతోనే కట్టాలి. చట్టం కూడా పిల్లల పక్షానే ఉంది. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్లు నిండని వారందరినీ పిల్లలుగానే లెక్కించి, వారి వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల సమ్మతి ఉండాలంటుంది. పిల్లలకు గురిపెట్టి ప్రకటనలు చూపడాన్ని కూడా నిషేధిస్తుంది. అయినా పుట్టిన సంవత్సరం మార్చి రాసి ఖాతా తెరవడం పిల్లలకు క్షణం పని, అందుకని ఆ పని ఎందుకు చేయకూడదో ముందే కూర్చోబెట్టి మాట్లాడుకోవాలి.

కొనేటప్పుడు ల్యాప్‌టాప్ వద్దని డెస్క్‌టాప్ వైపే మొగ్గాం. తెర కళ్లకు సరిగ్గా ఎదురుగా ఉంటుంది, మెడ వంగదు, మంచం మీదికి రాదు. సికింద్రాబాద్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో ఆఫీసుల్లో వాడి తీసేసిన యంత్రాలు దొరుకుతాయి, పిల్లల అవసరాలకు అవి చాలు. ఒక్క జాగ్రత్త తప్పనిసరి. విండోస్ 10కు భద్రతా అప్‌డేట్ల మామూలు గడువు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 పెట్టుకోవాలంటే, ఇంటెల్ ప్రాసెసర్ అయితే, దాదాపుగా ఎనిమిదో తరం లేదా ఆపైది ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి. ఈ రెండూ అడగకుండా చవకగా వస్తోందని తెచ్చుకుంటే చిక్కే. అంతకన్నా పాతది ఇంట్లోనే ఉంటే పారేయవద్దు, విండోస్ బదులు లినక్స్ మింట్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ ఎక్కిస్తే స్క్రాచ్‌కూ టైపింగ్‌కూ హాయిగా పనికొస్తుంది. 8 జీబీ ర్యామ్, 256 జీబీ ఎస్ఎస్‌డీ ఉన్నది మేము తీసుకున్నాం.

బల్ల ఎక్కడ వేయాలన్న విషయంలో వాదన జరిగింది. తన గదిలో వేయమని మా అమ్మాయి అడిగింది, హాల్లోంచి తెర కనబడేలా వేద్దామని మేమన్నాం. చివరకు తన గది తలుపు పక్కన, హాల్లోనే వేశాం. దానికి బదులుగా తను కూడా ఒక షరతు పెట్టింది. తను రాసుకునే కథలూ డైరీ ఉన్న ఫోల్డరును అడగకుండా ఎవరూ తెరవకూడదన్నది. ఆ షరతు నాకు న్యాయంగా తోచింది. సొంతమని ఇచ్చిన వస్తువులో తనకు మాత్రమే చెందిన చోటు ఒక్కటైనా లేకపోతే ఆ మాటకు అర్థమే ఉండదు. ఇంటర్నెట్‌లో ఎక్కడికి వెళ్లినదీ మేము చూడవచ్చు, ఆ ఫోల్డరు మాత్రం చూడము. ఈమెయిలు ప్రస్తుతం, పిల్లల ఖాతాలను తల్లిదండ్రులు చూసుకునే గూగుల్ ఫ్యామిలీ లింక్ కింద మా పర్యవేక్షణలోనే ఉంది. వచ్చే ఏడు పదమూడు నిండాక, మా అనుమతి ఉంటే, ఆ ఖాతాను తనే నడుపుకోవడానికి గూగుల్ నియమాలు ఒప్పుకుంటాయి. అప్పటికి ఏ బెండ్లు విప్పాలో, ఏవి ఇంకొంతకాలం ఉంచాలో ముగ్గురం కూర్చుని మాట్లాడుకోవాలని నిర్ణయించుకున్నాం.