ఏ పళ్ళి?

శనివారం పూట కొచ్చిలోని మట్టాంచేరి వెళ్లడం పూర్తిగా నా తప్పే. చిన్నప్పుడు సండే స్కూల్లో పది ఆజ్ఞలు గుక్క తిప్పుకోకుండా అప్పజెప్పి పెన్సిళ్ల డబ్బా బహుమతిగా తెచ్చుకున్నవాణ్ని. యూదులకు విశ్రాంతి దినం శనివారమని నాకు తెలియనిది కాదు. అయినా పడవ దిగి, చెమటలు కక్కుతూ యూదుల వీధి చివరిదాకా నడిచి, యూదుల ప్రార్థనామందిరం, పరదేశి సినగాగ్, తలుపు మూసి ఉండటం చూశాకగానీ గుర్తు రాలేదు. 1568 నుంచి ఉన్నది రేపటికి ఎక్కడికీ పోదులే అని సర్దిచెప్పుకున్నాను. ఆ వీధిలో నూరు గ్రాముల యాలకులకు చెప్పిన ధర విని పొట్లం నెమ్మదిగా కింద పెట్టేశాను.

ఆ రోజు పరవూరుకు పోయి అక్కడి సినగాగైనా చూద్దామని ఎర్నాకుళం తిరిగొచ్చి, హైకోర్టు దగ్గర వైపిన్ దీవి మీదుగా వెళ్లే ప్రైవేటు బస్సు ఎక్కాను. కేరళ ప్రైవేటు బస్సు సంగతి ఎక్కినవారికి చెప్పక్కర్లేదు, ఎక్కనివారికి చెప్పినా తెలియదు. కాలు మెట్టు మీద పడేలోపే బండి కదిలింది. కిటికీలకు అద్దాలు లేవు, పైకి చుట్టి కట్టిన టార్పాలిన్ ఉంది. ప్రతి మలుపులోనూ పక్కాయన ఒళ్లో పడుతూ, ప్రతిసారీ క్షమాపణ చెబుతూ సగం దారి గడిపాను.

“పరవూరు సినగాగ్” అంటే కండక్టరుకు అర్థం కాలేదు. పక్కాయన “పళ్ళి?” అన్నాడు. గుడి లాంటిదేదో అయి ఉంటుందని తలూపాను. అదే కొంప ముంచింది. మలయాళంలో చర్చీ పళ్ళే, మసీదూ పళ్ళే, సినగాగూ పళ్ళే. బడి కూడా పళ్ళికూడమే. ఆ పెద్దాయన దగ్గరుండి దింపించి, దారి చూపించి పంపిన చోట కొట్టక్కావు సెయింట్ థామస్ చర్చి ఉంది!

గేటు పక్కన కొవ్వొత్తులు అమ్ముతున్నామెను అడిగితే “ఏదు పళ్ళి?” అని ఎదురడిగింది. నాకు వచ్చిన మలయాళం అంతటితో అయిపోయింది. ఏం చేయాలో తోచక యూదుల ప్రవక్త పేరు పట్టుకుని “మోషే” అన్నాను. “మోశ?” అని సరిదిద్ది, ఒక్క క్షణం ఆలోచించి, “ఓ, జూతప్పళ్ళి!” అని పగలబడి నవ్వింది.

తెలుగు బైబిల్లో ఈ కట్టడానికి సమాజమందిరము అని పేరు. నాయనమ్మ చదువుతుంటే విని, మా పొన్నూరు పంచాయతీ ఆఫీసులా ఉంటుందనుకునేవాణ్ని. పరవూరులో చూసింది అలా లేదు. ముందొక ద్వారం ఇల్లు, దాని వెనక స్తంభాల నడవా, ఆ తర్వాత అసలు మందిరం. 1615-16 నాటిది. పెంకుల కప్పు, సున్నం గోడలు, చల్లదనం. యూదుల ధర్మశాస్త్రం తోరా, దాని చుట్టలు దాచే చెక్కడపు బీరువా బాగుందని దగ్గరికి వెళ్తే నకలన్నారు. అసలుది జెరూసలేంలోని మ్యూజియంలో ఉందట. ఇంతదూరం వచ్చింది నకలు చూడటానికా అని కాస్త చిరాకు వేసింది.

మేడ మెట్లు ఎక్కాక ఆ చిరాకు పోయింది. కింద హాలు మధ్యలో తోరా చదివే వేదిక ఉండగా, పైన ఇంకొకటి ఉంది. దాని వెనక చెక్క జాలీ, జాలీ వెనక ఆడవాళ్లు కూర్చునే చోటు. ఇలా రెండో వేదిక ఉండటం కేరళ సినగాగ్‌ల ప్రత్యేకత. కొన్ని రోజుల్లో చదివే మనిషి పైకి వచ్చి, ఆడవాళ్లకు మూరెడు దూరంలో నిలబడి చదివేవాడన్నమాట. మా చర్చిలో నాయనమ్మ చాప ఎప్పుడూ వెనక వరుసలోనే.

కాపలా ఉన్నతను వచ్చీరాని హిందీలో ఊరు అడిగాడు. గుంటూరు వైపు అన్నాను. మీ దగ్గర యూదులున్నారా అన్నాడు. ఉన్నారన్నాను. చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో తెలుగు మాట్లాడే బెనె ఎఫ్రాయిం వాళ్లున్నారు, 1990ల మొదట్లోనే సినగాగ్ పెట్టుకున్నారు. ఎలా ఉంటుందని అతను అడిగితే నోరు పెగల్లేదు. పొన్నూరు నుంచి గుంటూరుకు చేబ్రోలు మీదుగా కొన్ని వందలసార్లు వెళ్లి ఉంటాను. ఒక్కసారీ దిగలేదు. “చిన్నదే” అని తప్పించుకున్నాను.

ఇక్కడి యూదులను ఎవరూ తరమలేదు. ఇజ్రాయెల్ ఏర్పడ్డాక, 1950లలో, ఊళ్లకు ఊళ్లు మూటలు కట్టుకుని వెళ్లిపోయారు. సామూహిక ప్రార్థనకు పదిమంది మగవాళ్లు కావాలి. ఆ పదిమంది పోయాక గోడలు మిగిలాయి.

పరవూరు దగ్గరలోని చేందమంగళంలో ఎక్కువసేపు లేను. సినగాగ్ ముందు 1269 నాటి సమాధి రాయి ఉంది, ఇజ్రాయెల్ కూతురు సారా అని హీబ్రూలో చెక్కి ఉంది. అక్కడి చేనేత పంచె ఒకటి కొన్నాను. మంగళగిరిలో ఆ డబ్బుకు రెండు వచ్చేవని ఇంటికొచ్చాక మా ఆవిడ తేల్చింది.

ఆదివారం మళ్లీ మట్టాంచేరి. చెప్పులు విప్పి లోపలికి వెళ్తే అంతా తోపులాట. అందరూ తలలెత్తి షాండ్లియర్లు చూస్తున్నారు. నేను మాత్రం నేల చూశాను. చైనా నుంచి తెచ్చిన నీలిరంగు పలకలు, చేత్తో చిత్రించినవి. ఏ రెండూ ఒకలా ఉండవని గైడు అంటే నమ్మబుద్ధి కాలేదు. విల్లో చెట్టు, వంతెన, పడవ… గోడ వారనుంచి ఒక్కొక్కటే చూస్తూ మూడో వరుసలో సరిగ్గా ఒకేలాంటివి రెండు దొరికాయనుకుని వంగాను. రెండోదాంట్లో పడవ లేదు. నాలుగో వరుస మొదలుపెట్టేసరికి, మధ్యాహ్నం మూసే వేళయిందని అందరినీ బయటికి పంపేశారు.