పన్నెండు ఫ్రేములతో పొందూరు: ఇప్పటిదాకా జరిగిన పని

సంక్రాంతి తర్వాత

ఈ ఏడాది పెట్టుకున్న పని ఒక్కటే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో నూలు వడికే ఆడవాళ్లను నలుపు తెలుపు ఫిల్మ్ మీద తీయాలి. పాతతరం ఫొటో జర్నలిస్టు హోమై వ్యారావాలా ఎంత దూరంలో నిలబడేవారో, ఎప్పుడు నొక్కేవారో ఆవిడ ఫొటోలు చూసి తెలుసుకుంటూ తీయాలి.

ఆవిడ వాడిన కెమెరాల్లో రోలీఫ్లెక్స్ ఒకటి. దాని ధర మనకు అందేది కాదు గనక నాది పాత యాషికా మ్యాట్ 124జి. ఒకదాని మీద ఒకటి రెండు లెన్సులు, పైనుంచి తల వంచి చూసే అద్దం, 120 రోలుకి పన్నెండు చదరపు ఫ్రేములు. వెలుతురు కొలిచే లోపలి మీటరుకి పాదరసం బ్యాటరీ కావాలి, అవి ఇప్పుడు తయారు కావడం లేదు. ఫోన్‌లో లైట్ మీటర్ యాప్‌తో నెట్టుకొస్తున్నాను. ఫిల్మ్ ఇల్‌ఫర్డ్ హెచ్‌పి5, వేగం (వెలుతురును పట్టే శక్తి) 400. రోలు ఇంచుమించు వెయ్యి రూపాయలు పడుతోంది కాబట్టి వేలు దానంతటదే అదుపులో ఉంటుంది.

హోమై అనగానే "దేశంలో మొదటి మహిళా ఫొటో జర్నలిస్టు" అని ఒక ముక్క చెప్పి వదిలేస్తారు. నాకు ఆ "మొదటి" కన్నా మిగతాదే ఆసక్తి. 1913లో గుజరాత్‌లోని నవ్‌సారిలో పార్సీ కుటుంబంలో పుట్టారు. తండ్రి ఊరూరా తిరిగే నాటకాల కంపెనీలో నటుడు. బొంబాయిలో జె.జె. స్కూల్ ఆఫ్ ఆర్ట్‌లో చదివారు. కెమెరా పట్టడం నేర్పింది మానెక్‌షా వ్యారావాలా, తర్వాత ఆయన్నే పెళ్లి చేసుకున్నారు. మొదట్లో ఆవిడ తీసిన ఫొటోలు భర్త పేరు మీదే అచ్చయ్యేవి. 1942లో ఢిల్లీ వెళ్లి బ్రిటిష్ సమాచార విభాగంలో చేరారు. ఇక అక్కణ్ణుంచి ఎర్రకోట మీద జెండా, మౌంట్‌బాటెన్ వీడ్కోలు, గాంధీజీ అంత్యక్రియలు, 1956లో నాథులా కనుమ మీదుగా సిక్కింలోకి వస్తున్న దలైలామా, అన్నిచోట్లా ఆవిడ ఉన్నారు.

"డాల్డా 13" అనేది ఆవిడ కలం పేరు. వినగానే వంటింటి డబ్బా గుర్తొస్తుంది గానీ దాని లెక్క వేరు. పుట్టింది 1913లో, మానెక్‌షాని కలిసింది పదమూడో ఏట, మొదటి కారు నంబరు డి.ఎల్.డి. 13. అందరూ అచ్చిరాదనుకునే అంకెను ఇలా దర్జాగా నెత్తిన పెట్టుకోవడం నాకు భలే నచ్చింది.

మాఘమాసం

ఆమదాలవలసలో పాసింజరు ఎక్కితే మధ్యలో దూసి, ఆ తర్వాత పొందూరే. ఉదయం బండికే వెళ్తున్నాను. పదకొండు దాటితే వీధిలో ఎండ తెల్లగా కొట్టేస్తుంది, ఇంటి లోపల చీకటి. ఆ రెంటినీ ఒక్క ఫ్రేములో పట్టడం ఈ ఫిల్మ్ వల్ల కాదు. తొమ్మిదింటి ప్రాంతంలో వాకిట్లో కూర్చున్న మనిషికి ఎఫ్ 5.6 (లెన్సు ఎంత తెరుచుకుందో చెప్పే అంకె, తగ్గేకొద్దీ వెలుతురు ఎక్కువ), సెకనులో 1/125 వంతు చాలు. గుమ్మం దాటి లోపలికెళ్తే ఎఫ్ 3.5, 1/30కి దిగాల్సిందే. కెమెరా బెల్టు మెడకు బిగుతుగా లాగిపట్టి, ఊపిరి వదిలి నొక్కితే 1/30 కూడా కదలకుండా వస్తోంది. ఒక మీటరు దూరంలో, ఎఫ్ 3.5 దగ్గర రెండంగుళాల మేర తప్ప మిగతాదంతా మసకే. అందుకని ముఖమా, చేతులా అన్నది ముందే తేల్చుకోవాలి.

నేను చేతులకే ఓటేశాను. అక్కడి పని అలాంటిది. రాట్నం దాకా రాకముందే పత్తిని వాలుగ చేప దవడతో దువ్వుతారు. దవడ ఎముక మీద సూదుల్లాంటి సన్నటి పళ్లు వరసగా ఉంటాయి. గింజ చుట్టూ ఉన్న పోగుల్ని దాంతో లాగుతుంటే చెత్తా నలకా పోయి, పోగులన్నీ ఒకే వైపుకి సాగుతాయి. ఆ తర్వాత గింజ తీయడం, ఏకడం (దూదిని పొంగేలా విడదీయడం), ఏకులు (వడకడానికి వీలైన దూది వత్తులు) చుట్టడం, అప్పుడు రాట్నం. నూరో నంబరు నూలు (నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం) వరకూ చేత్తోనే తీస్తారు. కదురు నుంచి చెయ్యి వెనక్కి సాగేటప్పుడు పోగు కంటికి ఆనదు. వెనక నల్లటి గుమ్మం ఉండి, పక్క నుంచి వెలుతురు పడితేనే ఫిల్మ్ మీద గీతలా వస్తుంది. కూర్చునే చోటు వాళ్లది, మార్చమని నేను అడగను. నేనే నాలుగు వైపులా తిరిగి, గుమ్మం వెనక్కి వచ్చే చోటు చూసుకుంటాను. అద్దంలో ఎడమ కుడి తారుమారుగా కనిపిస్తాయి కాబట్టి మొదట్లో ఒంటికి దిశ అలవాటు కావడమే పెద్ద పని.

ఈ కెమెరాలో ఉన్న గొప్ప సుఖం, ఎదుటి మనిషికి గురిపెట్టినట్టు ఉండదు. నేను తల దించుకుని ఉంటాను. రాట్నం మామ్మ ఒకావిడ, "ఏటమ్మా, మా మొకాలు సూడకుండా ఆ డబ్బాలోకి సూత్తావేటి?" అంది. షట్టరు చప్పుడు కూడా చిన్న "టిక్" అంతే. రాట్నం రొదలో అది వినిపించదు.

హోమై ఫొటోల్లో నేను మళ్లీ మళ్లీ చూసేవి పెద్ద వేడుకలవి కావు. పాలం విమానాశ్రయంలో "ఫొటోలు తీయరాదు" అన్న బోర్డు పక్కనే నిలబడ్డ నెహ్రూ. తన నోట్లో సిగరెట్ ఉండగానే బ్రిటిష్ డిప్యూటీ హైకమిషనర్ భార్య సిగరెట్ ముట్టిస్తున్న నెహ్రూ. ఎవరూ పోజు పెట్టలేదు. ఆవిడా పురమాయించలేదు, చూస్తూ నిలబడ్డారు. స్పీడ్ గ్రాఫిక్ కెమెరా, ఒక్కసారి వెలిగితే పారేయాల్సిన ఫ్లాష్ బల్బులు మోస్తూ, ఢిల్లీ మగ ఫొటోగ్రాఫర్ల తోపులాటలో చీర కట్టుకుని ఈ ఓపిక ఎలా పట్టారో అర్థం కాదు.

ఎండలు ముదిరాక

ఫిల్మ్ కడగడం ఇంట్లోనే, స్నానాలగదిలో, రాత్రిపూట. డెవలపర్ (ఫిల్మ్ మీద బొమ్మను తేల్చే మందు) డి-76, నీళ్లతో సగానికి సగం కలిపింది. 20 డిగ్రీల దగ్గర దానికి పదకొండు నిమిషాలు. శ్రీకాకుళంలో మే నెల కుళాయి నీళ్లు 20 ఉండడమా! ఐసు ముక్కల తొట్టిలో డబ్బాలు పెట్టి 24కి దించుతున్నాను. అంతకన్నా దిగేదాకా కూర్చుంటే తెల్లారుతుంది. ఒక్కో డిగ్రీ పెరిగితే సమయం సుమారు పదో వంతు తగ్గించాలి. 24 దగ్గర ఏడున్నర నిమిషాల చుట్టూ మంచి నెగెటివ్ వస్తోంది. అయిదు నిమిషాల లోపుకి మాత్రం దిగకండి, ఆకాశం చారలు కడుతుంది.

మా బోరునీళ్లలో ఉప్పు ఎక్కువ. హైపో (తేలిన బొమ్మను నిలిపే మందు), కడుగుడు అంతా బోరునీళ్లతోనే, చివరి జాలింపు మాత్రం బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో. దాంతో ఫిల్మ్ మీద తెల్లమచ్చలు పోయాయి. ఆరబెట్టేటప్పుడు ఫ్యాను వద్దు, దుమ్మంతా అంటుకుంటుంది. కెమెరా బీరువాలో కాకుండా, సిలికా జెల్ వేసిన మూత గట్టి స్టీలు డబ్బాలో ఉంటోంది. సముద్రపు గాలికి లెన్సుకి బూజు పట్టిందంటే ఇక అంతే సంగతులు. విడి ఫిల్మ్ ఫ్రిజ్‌లో, కరివేపాకు పక్కన.

ఈ మధ్య ఒక ఫొటోవాక్ బృందం వచ్చింది. "మామ్మా ఇటు చూడు, కొంచెం నవ్వు, మళ్లీ తిప్పు" అంటూ పనిచేసుకునే మనిషిని అరగంట ఆపేశారు. వడికినదాన్ని బట్టే ఆమెకు కూలి. ఆ అరగంట ఎవరి ఖాతాలో వేస్తారు? హోమై 1970లో కెమెరా పక్కన పెట్టేయడానికి కొత్తగా వచ్చిన ఫొటోగ్రాఫర్ల మర్యాదలేని తీరు కూడా ఒక కారణం. అంతకు ముందు ఏడాదే మానెక్‌షా పోయారు. తర్వాత నాలుగు దశాబ్దాల వరకూ బతికారు, మళ్లీ ఆ వృత్తి జోలికి పోలేదు. 2011లో పద్మవిభూషణ్ వచ్చింది, 2012 జనవరిలో కన్నుమూశారు. చేతిలో విద్య ఉండగా అలా వదిలేయడం కొందరికి పంతంలా కనిపిస్తుంది. ఆ అరగంట చూశాక నాకు అలా అనిపించడం లేదు.

నాకైతే రెండు నియమాలు మిగిలాయి. చేతిలో ఏకు అయిపోయి, వాళ్లే ఆగినప్పుడు తప్ప మాట కలపను. ఫొటో తీసిన ప్రతి మనిషికీ ప్రింటు ఇస్తాను.

ఆ ప్రింట్ల దగ్గరే చిన్న పేచీ వచ్చింది. రాట్నం మామ్మకి పోస్టుకార్డు సైజుది ఇస్తే అటూ ఇటూ తిప్పి, "రంగులేవమ్మా? నాను కట్టింది ఎర్రకోక గదా!" అంది. తర్వాతసారి ఫోన్‌తో ఒకటి తీసి, రంగుల్లో వేయించి ఇచ్చాను. అదే గోడకెక్కింది. నలుపు తెలుపుది ట్రంకుపెట్టెలో ఉందట.

వానలు ముసిరేలోపు మగ్గాల గదుల్లోకి మారాలి. అక్కడ వెలుతురు ఇంకా తక్కువ, యాప్ 1/15 చూపిస్తోంది. అడ్డపోగును అటూ ఇటూ తీసుకెళ్లే నాడె ఆడించే చేతిని ఆ వేగంలో ఎలాగూ ఆపలేను, చెయ్యి మసకగా ఉండి మగ్గం నిలకడగా వస్తే చాలు. త్రిపాది పెడితే నడవా మొత్తం అడ్డమైపోతుంది. ఒంటికాలి స్టాండు కోసం వెతుకుతున్నాను, ఈ కెమెరా బరువుకి ఏది ఆగుతుందో వాడినవాళ్లు చెప్పండి.