మట్టి రేసుకి దిగే ముందు గాలి తగ్గించండి

ముందు 21, వెనక 18 అంగుళాల చక్రాలున్న హీరో ఎక్స్‌పల్స్ 200 లాంటి బైకు మొదటి క్రాస్‌కంట్రీ రేసుకి చాలు. రోడ్డు మీద తోలేటప్పుడు టైర్లలో ఉంచే గాలితోనే దిగితే మాత్రం గులకరాళ్లలో ముందు చక్రం నిలవదు. ట్యూబు టైర్లకి 18-20 పీఎస్‌ఐ సరిపోతుంది. మరీ తగ్గిస్తే రాయి తగిలినప్పుడు ట్యూబు రిమ్ముకీ రాయికీ మధ్య నలిగి, పక్కపక్కనే రెండు చీలికలు పడతాయి. ఇంకా తగ్గించాలంటే టైరుని రిమ్ముకి నొక్కిపట్టే రిమ్ లాక్ వేయించాల్సిందే. లేదంటే టైరు రిమ్ము మీద జారి వాల్వు తెగుతుంది.

హ్యాండిల్ మీది క్లచ్, బ్రేకు లివర్ల బోల్టులు మరీ బిగించొద్దు. పడితే లివర్ తిరగాలి, విరగకూడదు.

అసలు పరీక్ష వాగు ఇసుకలో. నిలబడి, బరువు కాస్త వెనక్కేసి, థ్రాటిల్ తెరిచే ఉంచాలి. ముందు బ్రేకు జోలికి పోవద్దు. హ్యాండిల్ అటూ ఇటూ ఊగుతుంది, ఊగనివ్వండి. పట్టు మోకాళ్లతో ట్యాంకు దగ్గరుండాలి. చేతులతో బిగబట్టి తోలితే కాసేపటికే ముంజేతి కండలు రాయిలా గట్టిపడి, క్లచ్ నొక్కడానికి వేళ్లు రావు.

హెల్మెట్‌కి వేలకు వేలు పోసి, కాళ్లకి స్పోర్ట్స్ షూ వేసుకొచ్చేవాళ్లున్నారు చూడండి, వాళ్ల లెక్క నాకెప్పటికీ అర్థం కాదు. బండి కింద నలిగేది చీలమండే. డర్ట్ బూట్లు కొన్నాకే రేసుకి పేరివ్వండి.