బర్గ్‌డార్ఫ్ దారిలో పన్నెండు పళ్ళు

ముందు రోజు కురిసిన మంచు నడుము లోతు ఉంది. మంచు మీద నడిచేలా మార్చుకున్న నా బైకు మీద వాలు ఎక్కుతూ రెండో గేరు నుంచి మూడోది వేశాను. ఇంజన్ ఒక్కసారి మూలిగి ఆగిపోయింది. మళ్ళీ స్టార్ట్ చేసి, రెండో గేరులో హాఫ్ క్లచ్ మీద లాగబోతే కాలిన వాసన గుప్పుమంది. వెనక నుంచి మా బావమరిది, "ఆపెయ్యండి బావా, క్లచ్ ప్లేట్లు పోతాయి!" అని అరిచాడు.

ఇద్దరం అమెరికాలో ఐడహో రాష్ట్రంలోని బాయ్‌సీలో ఉంటాం. ఫిబ్రవరిలో ఒక శని, ఆదివారాలు చూసుకుని, పేయెట్ నది పక్కనే సాగే హైవే 55 మీద వంద మైళ్ళు ఉత్తరాన మెక్‌కాల్ వెళ్ళాం. మా బండ్లు రెండూ 450 సీసీ యమహా డర్ట్ బైకులు. చలికాలం రాగానే ముందు చక్రం తీసి స్కీ, వెనక చక్రం తీసి రబ్బరు ట్రాక్ బిగిస్తాం. మెక్‌కాల్ నుంచి బర్గ్‌డార్ఫ్ వేడినీటి బుగ్గల దాకా దాదాపు ముప్పై మైళ్ళు. చలికాలంలో ఆ దారిలో కార్లు తిరగవు. యంత్రాలతో మంచును చదును చేసి, మంచు మీద పోయే స్నోమొబైళ్ళకు వదిలేస్తారు. ఆ చదును దారిని తలచుకునే నేను ఇంజన్ వైపు 14 పళ్ళ స్ప్రాకెట్, అంటే చైన్‌ను తిప్పే పళ్ళ చక్రం, వేశాను. స్పీడు కావాలనుకున్నాను. బావమరిది బండికి 13 ఉంది.

దారి మీద ఉన్నంతసేపు నా బండి హాయిగా పోయింది. పక్క కొండ ఎక్కేసరికి చతికిలపడింది. వెయ్యి అడుగులు ఎత్తు పెరిగితే ఇంజన్ బలం సుమారు 3 శాతం తగ్గుతుంది. 7,500 అడుగుల దగ్గర ఐదో వంతుకు పైగా పోయినట్టే. దానికి తోడు మంచు. తారు రోడ్డు మీద క్లచ్ పట్టి గేరు మార్చినా బండి తన ఊపు మీద కాస్త దూరం పోతుంది. లోతు మంచులో థ్రాటిల్ వదలడమంటే బ్రేకు వేయడమే. గేరు మార్చే ఆ అరక్షణంలోనే ఊపు చచ్చిపోతుంది. అందుకని పై గేరు పడీ పడగానే లాగాలి. నా బండికి రెండోది చాలడం లేదు, మూడోది మోయలేకపోతోంది. ఆ మధ్యలో ఇరుక్కుపోయాను.

సాయంత్రం పార్కింగులో ట్రక్కు వెనక డోరు దించి పని మొదలుపెట్టాం. సంచిలో 12, 13 రెండూ ఉన్నాయి. లెక్క వేసి 12 తీశాను. 14 నుంచి 12కి దిగితే లాగే బలం ఆరో వంతు పెరుగుతుంది, ఇంజన్ అదే ఆర్‌పీఎంలో (నిమిషానికి అన్నే చుట్లు) తిరిగినా స్పీడు 14 శాతం పడిపోతుంది. ఎత్తు మీద పోగొట్టుకున్న దానిలో సగానికి పైగా ఇలా తిరిగి వస్తుంది.

స్ప్రాకెట్ నట్ ఊడిపోకుండా దాని కింద లాక్ వాషర్ అంచు మడిచి ఉంటుంది. దాన్ని చిన్న ఉలితో మెల్లగా వెనక్కి తట్టాను. గ్లోవ్స్ తీస్తే వేళ్ళు నిమిషంలో కొయ్యబారుతున్నాయి. బావమరిది బండిని గేరులో పెట్టి బ్రేకు గట్టిగా పట్టుకుంటే, పొడుగు స్పానర్ మీద బరువంతా వేశాను. నట్ టక్కున వదిలింది. కొత్త స్ప్రాకెట్ పళ్ళ మీద నూనె మెరుస్తుంటే టార్చి వెలుగులో ఒకసారి లెక్కపెట్టుకున్నాను, పన్నెండే. రెండు పళ్ళు తగ్గితే చైన్ ఒక లింకు మేర మిగులుతుంది. ఆ వదులు బిగించి, వేలితో నొక్కి చూసి, వాషర్ మళ్ళీ మడిచాను. వదులు అలాగే వదిలేస్తే చైన్ పళ్ళ మీద నుంచి ఎగిరి ఇంజన్ కేసు పగలగొట్టవచ్చు. ఇక్కడ తొందర అస్సలు పనికిరాదు.

మర్నాడు అదే వాలు. మూడో గేరు పడింది, పడగానే పట్టుకుంది! ట్రాక్ మంచును వెనక్కి చిమ్ముతుంటే బండి పైకి తేలి, శిఖరం కింద ఫర్ చెట్ల దాకా ఆగకుండా ఎక్కింది. అక్కడ దిగి ఊపిరి తీసుకుంటుంటే ఆనందంతో నోట మాట రాలేదు.

తిరుగు దారిలో చదును మంచు మీద మాత్రం 12తో వచ్చే ఇబ్బంది బాగా తెలిసింది. టాప్ గేరులో ఇంజన్ ఒకటే గోల పెట్టింది. అంత ఆర్‌పీఎం మీద మైళ్ళకొద్దీ తిప్పడం ఇష్టంలేక థ్రాటిల్ తగ్గించి నెమ్మదిగా వచ్చాను. 13తో బావమరిది ఎప్పుడో ముందుకెళ్ళిపోయాడు. మలుపు దగ్గర బండి ఆపి, ఫ్లాస్కులో మిగిలిన టీ నాకోసం దాచి నిలబడ్డాడు.

"వచ్చే వారం నేనూ 12 వేస్తాను బావా," అన్నాడు కప్పు అందిస్తూ.

"దారి కోసమైతే వద్దు. కొండ ఎక్కేటట్టయితేనే వెయ్యి," అన్నాను.