ఆయమ్మ ఫొటో, రెండు కాపీలు

మాకు మీడియా క్లాసు శనివారం చివరి రెండు పీరియడ్లు. ల్యాబ్‌లో ఉన్నవి పాత కంప్యూటర్లు కాబట్టి ఫొటోషాప్ బదులు ఉచితంగా దొరికే గింప్ వేశారు. ఏసీ లేదు. బెజవాడలో మార్చి ఎండ గురించి నేను చెప్పక్కర్లేదనుకుంటా.

స్కూల్ మేగజైన్ కోసం ఎవరిదైనా ఒక ఫొటో తీసి, దాన్ని మేమే ఎడిట్ చేయాలన్నారు. నేను గేటు దగ్గర ఉండే ఆయమ్మని తీశాను. మిట్టమధ్యాహ్నం, ఆమేమో వేపచెట్టు నీడలో, వెనక వెల్ల వేసిన గోడ మీద ఎండ. ఫొటోలో గోడ భగ్గుమంటోంది, ఆయమ్మ ముఖం సగం చీకట్లో ఉంది.

మేడమ్ ముందు ఏ టూల్‌నీ ముట్టుకోనివ్వలేదు, హిస్టోగ్రామ్ తెరవమన్నారు, అంటే ఫొటోలో ఎంత చీకటి, ఎంత వెలుగు ఉందో చూపే గ్రాఫ్. ఎడమ చివర 0 అంటే పూర్తి నలుపు, కుడి చివర 255 అంటే పూర్తి తెలుపు. నా ఫొటోలో కుడి అంచుకి అతుక్కుని ఒక గీత నిటారుగా లేచింది. "అదే నీ గోడ. అక్కడ ఇంకేం మిగల్లేదు, ఎంత తగ్గించినా బూడిద రంగే వస్తుంది. ముఖం మాత్రం 0 దాకా పోలేదు చూడు, అక్కడ సరుకుంది" అన్నారు.

ఫొటోకి ఇంకో లేయర్ (పైన పొరలా పడే కాపీ) చేసి, వెలుగునీడలు మార్చే కర్వ్స్‌లో వెలుగు పెంచి, దానికి నల్ల మాస్క్ (ఆ పొరని దాచే ముసుగు) వేశాను. మాస్క్ నల్లగా ఉన్నంతసేపూ ఆ వెలుగు కనపడదు. మెత్తటి అంచున్న తెల్ల బ్రష్‌ని బాగా పల్చగా పెట్టుకుని ముఖం మీద రుద్దుతుంటే ముందు చెంప, తర్వాత ముక్కుపుడక, ఆ తర్వాత కళ్ల చుట్టూ ముడతలు ఒక్కొక్కటే తేలాయి. మొత్తం క్లాసులో నాకు బాగా నచ్చింది ఇదే. ఫిల్టర్లు ఎవరైనా నొక్కుతారు.

గవర్నర్‌పేటలో మా పెదనాన్నకి స్టూడియో ఉంది. గింప్‌లో రుద్దిన చోట వెలుగు పెంచే డాడ్జ్ టూల్ బొమ్మ, అదే పుల్లకి తగిలించిన గుండ్రటి అట్ట, ఆయనకి చూపిస్తే నవ్వారు. డార్క్‌రూమ్‌లో ప్రింట్ వేసేటప్పుడు నిజంగానే అలాంటి అట్టని కాంతికి అడ్డం పెట్టేవాళ్లట. కాంతి తక్కువ పడిన చోట కాగితం తెల్లగా మిగులుతుంది. నెగటివ్ మీద సన్నగా చెక్కిన పెన్సిల్‌తో మచ్చలు కూడా తీసేవారట!

నా పక్క బెంచీ అమ్మాయి నా ఫైలే తీసుకుని ఆయమ్మని తెల్లగా, నున్నగా చేసేసింది. బెంజ్ సర్కిల్ దగ్గర పుట్టినరోజు ఫ్లెక్సీల్లో నాయకుల ముఖాలు ఉంటాయే, అచ్చం అలా. ముడతలు పోయాయి, ముక్కుపుడక కూడా సగం పోయింది. నాకు ఒళ్లు మండింది.

రెండూ పట్టుకెళ్లి ఆయమ్మకి చూపించాం. నాది చూసి "ఏందమ్మా, ఇంత ముసిల్దాన్నయిపోయానా?" అంది. రెండోది చూసి పమిట సర్దుకుంది. అదే కావాలంది!

మేడమ్‌ని అడిగితే, మేగజైన్‌లో ఉన్నది ఉన్నట్టే ఉండాలి కాబట్టి నాది వేద్దామన్నారు. ఇంట్లో పెట్టుకునేది ఆయమ్మ ఇష్టమట. పెదనాన్న అయితే "మా కస్టమర్లంతా అంతే" అని ఆ రెండోదే ప్రింట్ వేసిచ్చారు, డబ్బులు తీసుకోలేదు. నాకిప్పటికీ నాదే నచ్చుతుంది.

లేయర్లన్నీ ఉండేలా గింప్ సొంత ఫైలు రకం ఎక్స్‌సీఎఫ్‌లో సేవ్ చేసుకోవడం మంచిదైంది. చీర ఆకుపచ్చ కాకుండా మెరూన్‌లో ఉంటే బాగుండేదని ఆయమ్మ నిన్న మళ్లీ కబురు పంపింది.